సిమోన్ బొలివార్ రాజు కావాలనుకున్నాడా?

లేదు, దక్షిణ అమెరికా విమోచకుడు సిమోన్ బొలివార్ రాజరికాన్ని కోరుకోలేదు గానీ, జీవితాంతం పదవిలో కొనసాగే అధ్యక్షుడు ఉండాలని మాత్రం నిజంగానే ప్రతిపాదించాడు.

స్పెయిన్ ఏలుబడిలో ప్రజలకు స్వపరిపాలనలో అనుభవం దక్కలేదనీ, వెనిజులా తొలి గణతంత్రం 1812లో కుప్పకూలడానికి బలహీనమైన సమాఖ్య వ్యవస్థే ముఖ్య కారణమనీ ఆయన గట్టిగా నమ్మాడు. అందుకే 1819లో వెనిజులాలోని అంగోస్తురా పట్టణంలో కూడిన ప్రతినిధుల సభ ముందు బలమైన కేంద్రాన్నీ, వంశపారంపర్య సెనేట్‌నూ కోరాడు.

ఇందుకు స్పష్టమైన ఉదాహరణ 1826లో బొలీవియా కోసం ఆయన రాసిన రాజ్యాంగం. అందులో అధ్యక్షుడిది ఆజీవన పదవి. ఆ అధ్యక్షుడు ఎంచుకున్న ఉపాధ్యక్షుడే తర్వాత ఆ పీఠం ఎక్కుతాడు. కిరీటం లేని రాజరికమే ఇదన్న నాటి విమర్శ, నా దృష్టిలో, న్యాయమైనదే. అయితే బానిసత్వాన్ని రద్దు చేయాలన్నదీ ఆ ముసాయిదాయేనని మరువరాదు.

1828లో ఆయన నియంతృత్వాధికారాలు చేపట్టినందువల్ల సింహాసనంపై ఆశపడ్డాడని చాలామంది పొరబడతారు. నిజానికి, చక్రవర్తిగా పట్టం కట్టుకున్న నెపోలియన్ బాటలో నడవమని వెనిజులా సేనాని పాయెజ్ సూచించినప్పుడు, తాను నెపోలియన్‌ను కాననీ, కాబోననీ, విమోచకుడన్న బిరుదు ఏ సింహాసనం కన్నా గొప్పదనీ ఆయన 1826లోనే జవాబు రాశాడు.