కాలర్ ఎత్తితేనే కనబడే అంచు

ప్రశ్న: అమెరికాలో స్థిరపడిన ఇథియోపియా కుటుంబాల్లో తండ్రుల మౌనం నా చివరి ఏడాది కలెక్షన్‌కి అంశం. గాబి దుప్పటితో మగవాళ్ల కోటు కుడుతున్నాను. తిబెబ్ (రంగుల నేత) అంచు ఎక్కడ వేయాలి?
– ఫ్యాషన్ డిజైన్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ముందుభాగాన వద్దు, పండగ బట్టలా ఉంటుంది. కాలర్ అడుగున వేయండి. ఇథియోపియా భాష అమ్హారిక్ కవిత్వంలో 'మైనం, బంగారం' అనే పద్ధతి ఉంది. పైకి ఒక అర్థం, లోపల అసలైనది. మన శ్లేషకి దగ్గరి చుట్టం.

ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ చావింట నెటెలా పైబట్టని తిప్పి, కింద ఉండే అంచుని మెడ దగ్గరికి తెచ్చుకుంటారు. మీ కోటు కాలర్ ఎత్తినప్పుడు జరిగేది అదే. అన్నట్టు, ఇథియోపియా మగవాళ్లు ఏడవరని మాత్రం రాయకండి. 'లెక్సో' అనే సంతాపంలో మగవాళ్లూ నలుగురిలో ఏడుస్తారు. 1974 విప్లవం తర్వాత దేశం వదిలి వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లు ఎందుకు మాట తగ్గించారో, వాళ్లనే అడగండి.

ఇక కుట్టుపని. గాబికి నాలుగు పొరలు. అలాగే కుడితే కాలర్ మడత దగ్గర ఎనిమిదై దిమ్మలా తయారవుతుంది. అంచు కుట్లు విప్పి, ఒంటికి రెండు పొరలు, కాలర్‌కి ఒకటే వాడండి. చేత్తో వడికిన నూలు తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి, 50 సెం.మీ. ముక్కని ముందు నానబెట్టి ఆరాక పడుగు, పేక వైపు విడివిడిగా కొలవండి. ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే లోపలి గుడ్డ) వాడితే వదులు నేతలోంచి జిగురు పైకి కారుతుంది. దానికి బదులు మల్లుగుడ్డ పెట్టి, 10 సెం.మీ.కి ఒక వరస కచ్చా కుట్టు వేశాకే కత్తెర పెట్టండి. దారాలు ఊడతాయి, కుట్టు మార్జిన్ 2.5 సెం.మీ. వదలాలి.

అడుగు కాలర్‌ని మామూలుగా ఏటవాలుగా కోస్తాం. తిబెబ్‌ని అలా కోస్తే డిజైన్ తెగుతుంది. నిలువుగానే కోసి, మెడ వంపుని కాలర్ కింది పట్టీలో తీయండి. అడుగు కాలర్ పై కాలర్ కంటే 3 నుంచి 5 మి.మీ. చిన్నదిగా ఉండాలి, లేకపోతే అంచు బయటికి తొంగిచూస్తుంది.

ప్రశ్న: తిబెబ్ ప్రింట్ గుడ్డ సరిపోదా?
– కుట్టుపని నేర్చుకుంటున్న పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ అంశానికి సరిపోదు. అక్కడ నూలు వడికేది ఆడవాళ్లు, గుంట మగ్గం మీద నేసేది మగవాళ్లు, ముఖ్యంగా దోర్జే తెగవాళ్లు. ఆ అంచే మగవాడి చేతిపని. అడిస్ అబాబాలో షిరో మెడా బజారు దీనికి పేరుమోసింది. జరీ కలిసిన అంచయితే ఇస్త్రీ తిరగేసి, పైన గుడ్డ పరిచి, తక్కువ వేడితో చేయండి. లేకపోతే దారం కరిగి ముడుచుకుంటుంది.