భారతం జరిపించబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఈ ఏడు ధర్మరాజుల గుడి ఉత్సవం పెత్తనం నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ‘ఆ మనుషులతో వేగడం నా వల్ల కాదు’ అన్నావంట గూడా. మన చిత్తూరు పక్క పద్దెనిమిది దినాల భారతం జరిపించినోళ్లలో ఆ మాట అనని వాడు లేడు. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యలో అర్జునుడి తపస్సు, చివర్న దుర్యోధన వధ, అగ్నిగుండం. ఇవన్నీ ఏటా జరిగేవే, వాటి దారిన అవి జరిగిపోతాయి. ఎటొచ్చీ మనుషుల్ని నడపడమే కష్టం.

ఒక్కో దినం ఖర్చు పెట్టుకుని పూజ జరిపించే ఉభయదారుల తగువు ఎట్లాగూ వస్తుంది. ఏ దినం ఎవరి ఉభయమో పాత నోటుబుక్కు చూసుకో, దాన్ని మార్చొద్దు. తాంబూలం ముందు ఎవరికిచ్చారని అలిగినోడితో గుడి దగ్గర మాట్లాడబాక, పదిమంది ముందర ఎవడూ తగ్గడు. తెల్లారి వాళ్ల ఇంటికి నువ్వే పో. కాఫీ ఇస్తారు. అది తాగి, పంటల సంగతి, పిల్లల చదువుల సంగతి మాట్లాడి, లేచేముందు ‘సాయంత్రం రా అన్నా’ అను చాలు.

నాటకం రాత్రుల్లో వెనక నిలబడి ఈలలేసే పిల్లకాయలు ఉండారే, వాళ్లను తరిమితే ఇంకా రెచ్చిపోతారు. వాళ్లలో అందరికంటే అల్లరోడికి నేను బకాసుర వధ నాటి బండి అప్పజెప్పినాను. కమిటీలో పెద్దలు మొహాలు చిట్లించుకున్నారు. భీముడు బండెక్కి వీధి వీధీ తిరుగుతాడు కదా, సందుల్లో కేబుల్ వైర్లు కిందికి వేలాడతా ఉంటాయి. వాడు పొడుగాటి వెదురు గెడ పట్టుకుని ముందు నడస్తా, ఒక్కో వైరూ పైకెత్తి, భీముడి కిరీటం దాటిందాకా అట్లే నిలబడి, ‘ఆ, పోనీ’ అని బండి తోలేవాడికి కేకేసేవాడు. ఆ రాత్రి ఈల వినబడలేదు. మరుసటి ఏడు మళ్లీ ఈలేశాడు, అది వేరే సంగతి. అయినా బండి మాత్రం వాడిదే.

విరాటపర్వం నాటకం రాత్రి నువ్వు లెక్కల్లో కూర్చోకుండా ముందుకొచ్చి చూడు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగు లంకించుకుంటాడు. జనం పగలబడి నవ్వుతారు. నేను మాత్రం బృహన్నలను చూస్తా. వెంటపడి పట్టుకుంటాడు గానీ, పిరికోడా పో అని వదిలెయ్యడు. ‘నువ్వు యుద్ధం చెయ్యొద్దులే, పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తా’ అని సర్దిచెప్తాడు. జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దించమనేదీ వాడినే. గెలిచినాక, ఊళ్లో గెలుపు నీదేనని చెప్పుకోమంటాడు. వాడి చేతనయ్యే పని వాడికిచ్చి, పేరు గూడా వాడికే వదిలేశాడన్నమాట. ఆ ఉత్తరుడే కురుక్షేత్రంలో మొదటి దినం శల్యుడి మీదికి పోయి, వెనక్కి తిరక్కుండా ప్రాణం ఇచ్చినాడు. ఉత్తరకుమార ప్రగల్భాలని ఎగతాళి చేసేవాళ్లకు ఈ ముక్క గుర్తుండదు.

తాగేవాడొచ్చి దీక్ష పట్టి కంకణం కట్టుకుంటానంటే కాదనొద్దు. ‘వీడా!’ అని నవ్వేవాళ్లు ఉంటారు, వాళ్లను పక్కకు పిలిచి నోరు మూయించు. పసుపుబట్ట కట్టుకుని గుళ్లో పడుకునే ఆ కొద్దిదినాలు వాడికి ఊరిచ్చే మర్యాద. ఉత్సవం అయినాక మళ్లీ అంగడి దారి పట్టొచ్చు. పట్టినా వచ్చే ఏడు రానియ్.

అయితే గుండం దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. మందు వాసనొస్తే ఎంతటోడైనా నిప్పుల్లో దిగడానికి లేదు, అది నీ సొంత బావమరిదైనా సరే. నిప్పులు పరిచే మనుషులు, నీళ్ల డ్రమ్ములు, పోలీసులకు ముందే చెప్పుకోవడం, ఇవన్నీ నువ్వే కళ్లారా చూసుకో. డబ్బు సంగతీ అంతే. లెక్క ఇద్దరి చేత రాయించి, ఏ రాత్రికారాత్రి హారతి అయినాక గట్టిగా చదివించు. ఆ ఇద్దరూ ఒకరికొకరు పడనోళ్లయితే మరీ మంచిది.

పందిరి రాట నాటే నాటికి వస్తా. వెనక వరసలో కూర్చుంటాను గానీ, పెద్దాయన వచ్చాడని మైకు దగ్గరికి మాత్రం పిలవొద్దు.

మీ మామ