ఏపీఐని ఏజెంట్ చేతికి ఇచ్చే ముందు ఖాళీ జాబితా సంగతి చూడండి

మీరు అడిగినవి రెండు. ఉన్న రెస్ట్ ఏపీఐని (ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని వెబ్ ద్వారా సమాచారం అడిగే దారిని) ఏఐ ఏజెంట్‌కి (టూల్స్ పిలిచి పని చేసిపెట్టే భాషా మోడల్‌కి) టూల్‌గా ఇవ్వడానికి ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఆ ఏపీఐని ఏం అడగొచ్చో, ఏం తిరిగొస్తుందో రాసిన ఫైల్) సరిపోతుందా? ఏజెంట్ దాన్ని సరిగ్గా వాడుతోందో లేదో ఎలా తేల్చుకోవాలి? మొదటిదానికి జవాబు, సరిపోదు. రెండోది విడిగా చేసే పని కాదు. ఏజెంట్ ఎక్కడ తడబడుతోందో చూస్తేనే డాక్యుమెంటేషన్‌లో ఏం రాయాలో తెలుస్తుంది. మాకిది ఆలస్యంగా తెలిసింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మార్కెట్ యార్డుల ధరలు చెప్పే టూల్. రైతు ఫోన్లో తెలుగులో అడుగుతాడు, ఏజెంట్ మా ఏపీఐని పిలిచి ధర చెబుతుంది. ఆ ఏపీఐ అంతకుముందు నుంచే మా వెబ్‌సైట్‌ని నడుపుతోంది, ఎవరూ తప్పు పట్టలేదు. ఏజెంట్‌కి ఇచ్చిన మొదటి వారంలో లాగ్‌లు చదువుతుంటే ఒకటి కనబడింది. రైతు అడిగింది: "ఈపొద్దు మదనపల్లె మార్కెట్లో టమోటా రేటెంత?" ఏజెంట్ పంపింది: జిల్లా చిత్తూరు, మార్కెట్ మదనపల్లె, సరుకు టమాటా. మా సర్వర్ ఇచ్చింది: స్టేటస్ 200 (అంతా సవ్యంగా జరిగిందని అర్థం), ఖాళీ జాబితా. రైతుకు అందిన జవాబు: "ఈరోజు మదనపల్లె మార్కెట్‌కు టమాటా రాలేదు."

ఆ రోజు యార్డు నిండా సరుకుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. మా డేటాబేస్‌లో కొత్త జిల్లా ఉంది, ఏజెంట్ నేర్చుకున్నది పాత జిల్లా. వెబ్‌సైట్‌లో జిల్లాని డ్రాప్‌డౌన్‌లో ఎంచుకుంటారు కాబట్టి తప్పు పేరు వచ్చే దారే లేదు, అందుకే ఇన్నాళ్లూ ఇది బయటపడలేదు. ఆ జవాబు నమ్మి ఎవరైనా కోసిన కాయని ఇంట్లోనే పెట్టుకుని ఉంటే ఏమిటని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

మా ఖాళీ జాబితాకి అసలు మూడు అర్థాలున్నాయి: పేరు తప్పు, యార్డుకి సెలవు, ఈరోజు ధర ఇంకా ఎక్కలేదు. మనిషైతే అనుమానపడి ఇంకోసారి వెతుకుతాడు. ఏజెంట్ మాత్రం ఆ ఖాళీని ఒక కథతో నింపేస్తుంది. ఇప్పుడు మూడింటికీ మూడు మాటలు పంపుతున్నాం. పేరు కుదరకపోతే ఇలా వెళుతుంది: "చిత్తూరు జిల్లా కింద మదనపల్లె మార్కెట్ లేదు, అన్నమయ్య జిల్లా కింద ఉంది. జిల్లా లేకుండా మార్కెట్ పేరుతోనే మళ్లీ అడగండి." ఏజెంట్ వెంటనే దిద్దుకుంటోంది. తర్వాత జిల్లా పారామీటర్‌నే (అడిగేటప్పుడు జిల్లా పేరు పంపే గడినే) తీసేశాం, మార్కెట్ పేరు ఉంటే దానితో పనేముంది? ఏజెంట్ అన్నిటికన్నా శ్రద్ధగా చదివే డాక్యుమెంటేషన్ ఎర్రర్ మెసేజే అని నా నమ్మకం, ఎందుకంటే అది సరిగ్గా అవసరమైన క్షణంలో ముందుకొస్తుంది.

రెండో పాఠం ఫీల్డ్ పేర్లు, అంటే జవాబులో ఒక్కో విలువకి పెట్టే పేర్లు. మార్కెట్ యార్డుల లెక్కల్లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ప్రైస్ (modal price, ఏఐ మోడల్‌తో సంబంధం లేదు) అని ఒకటుంటుంది, అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. మా ఓపెన్‌ఏపీఐ ఫైల్లో దాని వివరణ "నంబర్" అని మాత్రమే ఉంది. ఏజెంట్ దాన్ని సగటు ధర అని చెప్పేది, ఒక్కోసారి గుంటూరు తేజ మిర్చి క్వింటాల్ ధరని కిలో ధరగా కూడా చెప్పేసింది. ఇప్పుడు ఫీల్డ్ పేరులోనే రూపాయలు, క్వింటాల్ అనే మాటలున్నాయి, వివరణలో "సగటు కాదు" అని స్పష్టంగా రాశాం. పక్క సీట్లో కొత్తగా చేరిన అబ్బాయికి నోటితో చెప్పే సంగతులన్నీ డిస్క్రిప్షన్‌లోకి, అంటే ఏజెంట్ చదివే టూల్ వివరణలోకి ఎక్కాలి.

మిగతావి క్లుప్తంగా. ఎండ్‌పాయింట్‌కి (ఏపీఐలో ఒక్కో రకం సమాచారం ఇచ్చే చిరునామాకి) ఒకటి చొప్పున 11 టూల్స్ ఇచ్చాం, ఏజెంట్ తికమకపడింది, 3కి కుదించాం. నెల రోజుల ధరలు అడిగితే మొత్తం కుమ్మరించే బదులు 20 వరసలిచ్చి, ఇంకెన్ని ఉన్నాయో, ఎలా తగ్గించి అడగాలో చెబుతున్నాం. తెలుగు లిపికి సాధారణంగా ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ రాతని విడగొట్టి చదివే ముక్కలు) పడతాయి, కాబట్టి మనకిది మరీ ముఖ్యం. "నిన్న" అంటే ఏ తేదీయో ఏజెంట్ ఊహించకుండా ఈరోజు తేదీని ప్రాంప్ట్‌లోనే (ఏజెంట్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లోనే) ఇవ్వండి.

ఇక పరీక్ష. రైతులు నిజంగా అడిగిన వాటిలోంచి 40 ప్రశ్నలు ఏరి, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఒక్కోదానికి సరైన జవాబు చేత్తో రాసుకున్నాం. ఏజెంట్ ఏ టూల్‌ని ఏ వరసలో పిలిచిందని మార్కులు వేయకండి, దారులు చాలా ఉంటాయి. చివర రైతుకు చెప్పిన మార్కెట్, తేదీ, ధర, కొలత సరిపోయాయా అన్నదే చూడండి. ఇవి కోడ్‌తోనే పోల్చవచ్చు. ఒక్కో ప్రశ్న 5 సార్లు నడపండి, అయిదుసార్లూ సరిగ్గా వస్తేనే పాస్ అనండి. ఏజెంట్లని పరీక్షించడానికి 2024లో వచ్చిన టౌ-బెంచ్ కూడా ఈ నిలకడనే కొలిచింది. అప్పటి జీపీటీ-4ఓ లాంటి మోడళ్లు సగం పనులు కూడా పూర్తి చేయలేకపోయాయి, దాని రిటైల్ (దుకాణం) విభాగంలో ఒకే పని 8 సార్లు ఇస్తే ఎనిమిదిసార్లూ నెగ్గిన పనులు 25 శాతం కన్నా తక్కువ.

టూల్‌తో జవాబు దొరకని ప్రశ్నలు కూడా కలపండి. మా దాంట్లో "రేపు మిర్చి ఎంత పలుకుతుంది?" అని ఉంది. మొదట్లో ఏజెంట్ నిన్నటి ధర తెచ్చి రేపటిదన్నట్టు చెప్పింది. డిస్క్రిప్షన్‌లో "జరిగిపోయిన రోజుల ధరలు మాత్రమే, అంచనాలకు వాడొద్దు" అని చేర్చాకే ఆగింది.

ఇంకొక జాగ్రత్త. 40లో 10 ప్రశ్నలు దాచిపెట్టాం, డిస్క్రిప్షన్ దిద్దేటప్పుడు వాటి ఫలితం చూడం. లేకపోతే ఆ 40కి మాత్రమే సరిపోయే డిస్క్రిప్షన్ తయారవుతుంది. టూల్ వివరణలు కోడ్ ఉన్న రిపోలోనే (కోడ్ మార్పులన్నీ దాచే చోటే) ఉంచండి, అందులో ఒక్క మాట మారినా, మోడల్ వెర్షన్ మారినా మొత్తం మళ్లీ నడపండి.

ఈరోజే మొదలుపెట్టాలనుకుంటే మీ ఏపీఐకి కావాలని ఒక తప్పు పేరు పంపి, ఏం తిరిగొస్తుందో చూడండి. ఆ రెస్పాన్స్ ఇక్కడ పెడితే దానికి ఎలాంటి మెసేజ్ రాయాలో కలిసి చూద్దాం.