పట్టీ అంచున తెల్లటి పూత

ప్రశ్న: మా తాతగారి డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకికి (లైసెన్సు ఉంది) కొత్తగా నీలి నలుపు రంగు వేయించాం. రెండు నెలలకే గొట్టాల మధ్య పట్టీ అంచున తెల్లటి పూత వస్తోంది. తుడిస్తే పోయి మళ్లీ వస్తోంది. గోదారి గాలికి అంతేనంటున్నాడు చేసినాయన. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: గాలి తేమ తోడైందంతే, తప్పు పనిదేనండి. చూడబోతే మీ గొట్టాలను కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగించిన తొట్టిలో ముంచారు. ఒంటిగొట్టానికి అది చెల్లుతుంది. జంటగొట్టాల పట్టీని పట్టి ఉంచేది సీసం-తగరం టంకం. ఆ వేడికి కరగదు గానీ కాస్టిక్ దాన్ని తినేస్తుంది. సందులో దూరిన లవణమే చెమ్మకి ఇలా బయటికొస్తోంది. లోపల తుప్పు కూడా మొదలయ్యే ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. తూటాలు లేవని నిర్ధారించుకుని, గొట్టాలు విడదీసి, అడుగు కొక్కేనికి దారం కట్టి వేలాడదీయండి. చెక్కముక్కతో మెల్లగా తట్టండి. గంటలా మోగితే టంకం గట్టిగా ఉన్నట్టు. జరజరమంటే పట్టీ వదిలింది, ఇక పేల్చొద్దు.

పైపైన నూనె రాస్తే లాభం లేదు. రిపేరు లైసెన్సున్న వేరే పనివాడి చేత పట్టీ విప్పించి, కడిగించి, మళ్లీ టంకం పెట్టించాలి. తర్వాత నీలి నలుపు రంగుని తుప్పు పద్ధతిలోనే వేయించాలి: తుప్పు పట్టించే ద్రావణం రాసి, తుప్పు పట్టనిచ్చి, మంచినీళ్లలో మరిగించి, జిడ్డులేని స్టీల్ ఉన్నితో రుద్దడం. ఇలా ఆరేడు సార్లు. ఆలస్యమూ, ఖర్చూ ఎక్కువే.

తుపాకి మీది నంబరు కూడా చూసుకోండి. పాలిష్ చక్రానికి అరిగి చదవరాకుండా పోతే ఆయుధాల చట్టం, 1959 కింద చిక్కే.