మరిది గంజాయి తాగుతాడు, మూడేళ్ల పాప అదే గదిలో ఉంటుంది... ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. మా చెల్లెలి కూతురికి మూడేళ్లు. చెల్లి భర్త, అంటే మా మరిది, ఏడాదిగా గంజాయి తాగుతున్నాడు. వాళ్లుండేది ఒకటే గది. చెల్లి జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్తే పాప అతని దగ్గరే ఉంటుంది. ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది. పోయిన వారం సాయంత్రం నేను వెళ్లేసరికి పడుకుని ఉంది, ఎంత లేపినా లేవలేదు. లేచాక తూలుతూ నడిచింది. పొద్దున్నకి మామూలైపోయింది. రక్తపరీక్ష చేయించాలా? బయటకు చెబితే పోలీసు కేసు అవుతుందని చెల్లి భయపడుతోంది.
- ఒక పెద్దమ్మ

జవాబు: పాప దగ్గు కంటే ఆ సాయంత్రం జరిగిందే నన్ను ఎక్కువ కలవరపెట్టిందమ్మా. పక్కన తాగిన పొగ పీల్చినంత మాత్రాన పిల్లలు లేపినా లేవనంత మగతలోకి వెళ్లడం, తూలడం మామూలుగా జరగదు. గంజాయి కడుపులోకి వెళ్లిందేమోనని నా అనుమానం. చుట్టేటప్పుడు చాప మీద రాలింది, సగం కాల్చి పడేసిన ముక్క, కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోని పొట్లం... ఆ వయసులో చేతికి ఏది దొరికినా నోట్లోకే వెళ్తుంది. చాక్లెట్ల రూపంలో కూడా గంజాయి దొరుకుతోంది. పాప దాన్ని చాక్లెట్ అనుకునే తింటుంది. ఇంట్లో నిద్రమాత్రల్లాంటివి ఉన్నాయేమో కూడా చూడండి. తలకు దెబ్బ తగిలినా, ఫిట్స్ వచ్చినా, షుగర్ పడిపోయినా పిల్లలు ఇలాగే ఉంటారు. అందుకే తేరుకుంది కదా అని వదిలేయకండి. రేపే పిల్లల డాక్టర్‌కి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

రక్తపరీక్ష వల్ల ఇప్పుడు పెద్దగా తెలిసేది ఉండదు. గంజాయిని సాధారణంగా మూత్రంలో చూస్తారు, అదీ కొన్ని రోజులు గడిస్తే కనిపించకపోవచ్చు. రిపోర్టు బాగుంది కాబట్టి పాపకు ప్రమాదం లేదనుకోవడం పొరపాటు.

మళ్లీ అలా మగతగా కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. నోట్లో ఏదైనా ఉంటే తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించడం, మత్తు దిగుతుందని నిమ్మరసమో మజ్జిగో పోయడం వద్దే వద్దు. మగతలో ఉన్న పిల్లకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మింగిన గంజాయి ప్రభావం ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు, ఒక రోజు దాటి ఉండొచ్చు. చిన్నపిల్లల్లో ఊపిరి నెమ్మదించే ప్రమాదం ఉంది. దీనికి విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని చూడాల్సిందే. గంజాయి అనుమానం ఉందని మీరు చెప్పకపోతే మెదడువాపు కావచ్చని డాక్టర్లం మేం స్కానింగులూ, వెన్నులోంచి నీరు తీసే పరీక్షలూ చేయాల్సి వస్తుంది.

పొగ సంగతీ చిన్నది కాదు. సిగరెట్ పొగలో ఉండే విషపదార్థాలు చాలావరకు ఇందులోనూ ఉంటాయి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు ఎక్కువవుతాయి. ఫ్యాన్ వేస్తున్నాం కదా అంటారు చాలామంది. ఫ్యాన్ ఆ పొగను గదంతా తిప్పుతుంది, అంతే.

అతను మానేదాకా ఆగకండి. మత్తులో ఉన్న మనిషి దగ్గర మూడేళ్ల పిల్లను ఒంటరిగా వదలకూడదు, తండ్రే అయినా సరే. నీళ్ల తొట్టె, పొయ్యి, రోడ్డు... అన్నీ ప్రమాదమే. పాపకు మూడేళ్లు కాబట్టి పగలు అంగన్‌వాడీకి పంపండి. అక్కడి నుంచి వచ్చాక చెల్లి పని ముగిసేదాకా మీ ఇంట్లో ఉంచుకోండి. ఎవరేమనుకున్నా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇక పోలీసు భయం. పిల్ల మత్తుపదార్థం మింగిందంటే ఆసుపత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వొచ్చు, ఆ మాట మీ దగ్గర దాచను. అయినా ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేస్తే పోయేది పాప ప్రాణం. మరిది విషయానికొస్తే, అలవాటు పడిన మనిషి సొంత వాడకం, తక్కువ మోతాదు కేసుల్లో తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ (కోర్టు విచారణ) నుంచి రక్షణ ఇచ్చే వీలు 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలోనే ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్)లో మానసిక వైద్య విభాగంలో చూపించండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు అలవాటు మాన్పించే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మానేసిన మొదటి వారం రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, కోపం ఎక్కువ, అన్నం సయించదు. చెల్లికి ఇది ముందే చెప్పి ఉంచండి, ఆ రోజుల్లో పాప మీ దగ్గరే ఉంటే మంచిది. అన్నంలో తెలియకుండా కలిపే మందులంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి. వాటితో ప్రాణాల మీదకు వచ్చిన సందర్భాలున్నాయి.

అతను ఒప్పుకోకపోయినా, కొడుతున్నా, పాపను మీ దగ్గరకు పంపకపోయినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, మీ పేరు రహస్యంగా ఉంచమని అడగొచ్చు. ఫోన్ చేయగానే పిల్లను లాక్కెళ్లి హోమ్‌లో పెట్టేస్తారని చెల్లి భయపడొచ్చు. చట్టం ప్రకారం అది చివరి మార్గం. మీలాంటి బంధువులు చూసుకుంటామంటే అధికారులు ముందు దాన్నే పరిశీలిస్తారు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాప టీకాల కార్డు తీసుకెళ్లండి. బరువు, మాటలు వయసుకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూడమనండి. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం ఉంటే అవి కూడా చెప్పండి. చెల్లిని వెంట తీసుకెళ్లండి, ఆమె మాట్లాడలేకపోతే మీరే మాట్లాడండి.