పాత చెరోకీకి లిఫ్ట్ ఎంతుందో ముందు టేప్ పెట్టి కొలు తమ్ముడూ, డాలర్లు తర్వాత తీద్దువు

తమ్ముడూ, 1998 జీప్ చెరోకీ కొన్నాను, అమ్మినాయన నాలుగున్నర ఇంచుల లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర బాడీని పైకి లేపిన ఎత్తు) ఉందన్నాడు, వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) కారుతున్నాయి, ఏ సైజు కొనమంటారు అని అడిగావు. ఇప్పుడే ఏమీ కొనకు. కార్ట్‌లో పెట్టినవి ఉంటే తీసెయ్, ముందు ఇది చదువు. 2009లో నాకు ఈ మాట చెప్పే మనిషి డెన్వర్‌లో ఒక్కడు కూడా లేడు, అందుకే నేను పడ్డదంతా పూర్తిగా రాస్తున్నా.

నేను అమెరికా వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆఫీసులో ఒకాయన యూరే దగ్గర ఇమోజీన్ పాస్ ఎక్కిన ఫోటోలు చూపించాడు, 13,114 అడుగుల ఎత్తు, అవి చూశాక నాకు నిద్ర పట్టలా. 3,200 డాలర్లకి 1999 ఎక్స్‌జే (ఈ పాత చెరోకీ మోడల్ పేరు) దొరికితే శనివారం పొద్దున ఒక్కడినే వెళ్ళి తెచ్చుకున్నా. మన నరసరావుపేటలో పాత జీపు కొనాలంటే మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్తాం, ఆయన బండి కింద పడుకుని కమాన్ కట్టలు తట్టి చూసి ఊ అంటేనే డబ్బు జేబులోంచి బయటికొస్తుంది. ఇక్కడికి రాగానే ఆ తెలివంతా ఏమైపోయిందో, అమ్మినాయన నాలుగున్నర ఇంచులు అంటే నాలుగున్నరే అని నమ్మేశా.

ఆ లిఫ్ట్‌కి సరిపోయే పొడవు షాకులు నాలుగు తెప్పించా, 280 డాలర్లు. వెనక పై బోల్టులు విప్పబోతే నాలుగింటిలో రెండు పటుక్కున విరిగాయి. ఎక్స్‌జేలో వాటి నట్లు బాడీ లోపల వెల్డ్ చేసి ఉంటాయి, తుప్పు పట్టిన బోల్టుని బలవంతంగా తిప్పితే తల చేతికొస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. అది డ్రిల్ చేసి తీసి సరిచెయ్యడానికి షాపు వాళ్ళకి 350. సరే అయిపోయింది కదా అనుకుంటే స్పీడ్ బంప్ ఎక్కినప్పుడల్లా వెనక ధడ్ ధడ్ మని మోత, మూడు నెలలకే ఒక షాక్ సీలు పోయి ఆయిల్ కారింది. దానికి తోడు 60 మైళ్ళ స్పీడులో ఒణుకు. ఎక్కువ లిఫ్ట్ చేస్తే వెనక డ్రైవ్ షాఫ్ట్ (వెనక చక్రాలకి శక్తిని అందించే తిరిగే కడ్డీ) కోణం పెరిగి ఒణుకొస్తుందని ఎక్కడో చదివి, స్లిప్ యోక్ ఎలిమినేటర్ కిట్టు (ఆ కోణం తగ్గేలా షాఫ్ట్ బిగింపు మార్చే సామాను), కొత్త షాఫ్టు కలిపి 500 పెట్టి కొన్నా. చివరికి చూస్తే అరిగిపోయింది షాఫ్ట్ చివర కీలులా ఉండే ఒక యూ జాయింట్, 25 డాలర్ల వస్తువు.

మొత్తం 1,130 డాలర్లు. అప్పుడు డాలర్ 48 రూపాయల దగ్గర ఉంది, అంటే 54 వేలు పైనే. ఆ నెలే చెల్లి నిశ్చితార్థం, నాన్న ఫోన్ చేసి కొంచెం సర్దగలవా అంటే వచ్చే నెల పంపుతా నాన్నా అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. ఆఫీసులో ఇంకొకాయన దగ్గర షోరూం నుంచి వచ్చినట్టే ఉన్న చెరోకీ ఉంటే పార్కింగ్ లాట్‌లో రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాం. ఆయన బండి హబ్ (చక్రం నడి భాగం) మధ్య నుంచి పైన ఫెండర్ ఫ్లేర్ (చక్రం పైన ఉండే ప్లాస్టిక్ అంచు) కింది అంచు దాకా 17 ఇంచులకి కాస్త అటూ ఇటూ, నాది 19. అంటే ఉన్న లిఫ్ట్ రెండే ఇంచులు! అమ్మినాయన టైర్ల ఎత్తు కూడా లిఫ్ట్‌లో కలిపి, పైన ఇంకాస్త పెంచి చెప్పాడన్నమాట. ఫ్యాక్టరీ 225/75ఆర్15 టైరు 28.3 ఇంచులు ఉంటుంది, 31 ఇంచుల టైరు వేస్తే తేడా 2.7, అందులో సగం, అంటే ఇంచుం పావు పైన బండి నేల నుంచి లేస్తుంది. దానికీ స్ప్రింగులకీ షాకులకీ ఏ సంబంధం లేదు. అందుకే నేల మీద నుంచి కొలవద్దు, హబ్ మధ్య నుంచే కొలు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. చదునైన చోట బండి ఆపు, లోపల సామాన్లు తీసెయ్, కాస్త ముందుకీ వెనక్కీ కదిపి స్ప్రింగులు సర్దుకున్నాక నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకో. ఒక్క జాగ్రత్త, పెద్ద టైర్లు తగలకుండా పాత ఓనర్లు ఫెండర్ కోసేసి ఉంటారు, అప్పుడు ఆ అంచు నుంచి కొలిచిన లెక్క అబద్ధం చెప్తుంది. అలాంటప్పుడు యాక్సిల్ ట్యూబ్ (రెండు చక్రాలనీ కలిపే ఇరుసు గొట్టం) నుంచి పైన బాడీ రైలు (బాడీ కింద పొడవునా ఉండే ఇనప దూలం) దాకా కొలిచి, అదే కొలత ముట్టని బండిలో తీసి పోల్చుకో.

తర్వాత టార్చ్ పట్టుకుని కింద దూరు. ముందు కాయిల్ స్ప్రింగు పైన ప్లాస్టిక్ లాంటి మందపాటి రింగు ఉంటే అది స్పేసర్, స్ప్రింగు మాత్రం పాతదే, అది కుంగి కూడా ఉంటుంది. వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ మిగతా వాటికంటే కొత్తగా కనిపిస్తే అది తర్వాత కలిపింది. యాక్సిల్‌కీ కట్టకీ మధ్య ఇనప దిమ్మ ఉందేమో చూడు, దిమ్మ ఎంత మందమో అంత లిఫ్ట్. షాకిల్ (ఇది షాక్ కాదు, కమాన్ కట్ట చివరని బాడీకి కలిపే ఇనప ముక్క) పొడవు పెంచి ఉంటే మాత్రం పెంచిన దాంట్లో సగమే లిఫ్ట్, ఇంచున్నర పెంచితే ముప్పావు ఇంచే వస్తుంది. నా బండిలో ముందు స్పేసరు, వెనక ఒక పట్టీ, పొడుగు షాకిలు, ఇన్ని కలిపితే ఆ రెండు ఇంచులు.

షాక్ కొనడానికి నిజానికి లిఫ్ట్ నంబరు కంటే ఇంకో కొలత ముఖ్యం. బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు షాక్ పై బిగింపు నుంచి కింది బిగింపు దాకా ఎంతో కొలు. అందులోంచి బంప్ స్టాప్ (యాక్సిల్ బాడీకి గుద్దుకోకుండా పెట్టిన రబ్బరు దిమ్మ) దాకా ఉన్న ఖాళీ తగ్గించు, ఆ రబ్బరు కూడా నలుగుతుంది కాబట్టి ఇంకో ఇంచు తగ్గించు. కొత్త షాక్ పూర్తిగా నొక్కినప్పటి పొడవు దానికంటే తక్కువ ఉండాలి. నా దగ్గర అది ఎక్కువ అయ్యింది, ఆ ధడ్ మోతకి కారణం అదే. తర్వాత బాడీని జాకీతో లేపి చక్రాలు వేలాడేలా చేసి ఇంకోసారి కొలు, షాక్ అంత దాకా సాగాలి, బ్రేక్ హోస్ లాగినట్టు ఉండకూడదు. పై బోల్టులకి వారం ముందు నుంచే రోజూ పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు పట్టిన బోల్టుని వదులు చేసే నూనె) కొట్టు, ఆ డబ్బా పది డాలర్ల లోపే వస్తుంది, నాకు 350 మిగిలేవి.

ముందు యాక్సిల్ డ్రైవర్ వైపుకి జరిగినట్టు కనిపిస్తే ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టే కడ్డీ) అడ్జస్టబుల్‌ది కావాలి. స్టీరింగ్ పిచ్చెక్కినట్టు ఊగితే మాత్రం స్టీరింగ్ స్టెబిలైజర్ (ఊగుడు తగ్గించే చిన్న షాక్ లాంటిది) కొని ఊరుకోకు, అది జబ్బుని దాస్తుంది, ట్రాక్ బార్ బుష్షులు, టై రాడ్ (ముందు చక్రాలని స్టీరింగ్‌తో తిప్పే కడ్డీ) చివరలు చూడు. లిఫ్ట్ ఎత్తు రూల్స్ ఒక్కో స్టేట్‌కి ఒక్కోలా ఉంటాయి, డీఎంవీ (బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు) సైట్‌లో చూసుకో, ఇన్సూరెన్స్ వాళ్ళకీ ఒక మాట చెప్పు.

నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది డబ్బు గురించే. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రెండు జీతాలు చూసి క్రెడిట్ కార్డు మీద పార్టులు తెప్పిస్తారు, మీకు తెలీదు, మేం చూశాం. నువ్వు హెచ్‌1బీ వీసా మీద ఉన్నావు, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు, ఆ 60 రోజుల్లో చెరోకీని ఎవడూ నువ్వు పెట్టిన రేటుకి కొనడు. మూడు నెలల అద్దె, ఇండియాకి ఒక టికెట్ డబ్బు విడిగా ఒక అకౌంట్‌లో పడ్డాకే ఈ బండి మీద మొదటి డాలర్ పెట్టు. నేను అలా మొదలుపెట్టాక రెండేళ్ళు పట్టింది కానీ అప్పు లేకుండా మంచి స్ప్రింగులు, సరైన షాకులు వేసుకుని 2012 ఆగస్టులో ఇమోజీన్ ఎక్కాను, పక్క సీట్లో నాన్న ఉన్నారు.

ఈ శనివారం నాలుగు చక్రాల కొలతలు, షాక్ బిగింపుల మధ్య కొలత, కమాన్ కట్ట ఫోటో పంపు. ఏ పొడవు షాక్ కావాలో నేను చెప్తా, అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.