ఆరు నెలల కోర్సుకు రెండు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి పాసై హన్మకొండలో వైరింగ్ మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేస్తున్నా. రోజుకు 600, నెలకు 22 రోజులు పని దొరుకుతుంది. ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల ఎలక్ట్రీషియన్ కోర్సుకు 45 వేలు అడుగుతోంది. మా మేనమామ రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా?

జవాబు: వద్దు. మీరు ఫీజు ఒక్కటే చూస్తున్నారు. ఆరు నెలలు కూలి పోతే 79,200. వడ్డీ 5,400. ఫీజుతో కలిపి 1,29,600. అంత పోసినా చేతికొచ్చేది ఐటీఐ సర్టిఫికెట్ కాదు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఐటీఐ అంటే రెండేళ్లు.

మరి ఐటీఐ చేయాలా? ప్రభుత్వ ఐటీఐలో ఫీజు భారం తక్కువే గానీ రెండేళ్ల కూలి 3 లక్షలు దాటుతుంది. లైన్‌మన్ పోస్టో, ఫ్యాక్టరీ ఉద్యోగమో మనసులో ఉంటేనే అటు వెళ్లండి. ఇళ్ల పనే చేస్తానంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో హౌస్ వైరింగ్ నేర్పుతారు. నెల రోజుల కోర్సు, ఫీజు లేదు, భోజనం, వసతి వాళ్లదే. మీకు పోయేది నెల కూలి, అంటే 13,200. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో మీ ఊరి బ్యాంకు మేనేజర్‌ను అడగండి.

అక్కడ గోడకు గాడి కొట్టడం మీకు కొత్తగా నేర్పక్కర్లేదు. లోపం పట్టుకోవడం నేర్చుకోండి. మొన్న మా ఇంట్లో గీజర్ వేస్తే చాలు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోయేది. మొదట వచ్చినతను ఆర్‌సీసీబీనే మార్చాడు, మళ్లీ పడింది. రెండో అతను మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి చూసి, పది నిమిషాల్లో గీజర్ ఎలిమెంట్ పోయిందని తేల్చాడు. అడిగినంత ఇచ్చా, బేరం ఆడబుద్ధి కాలేదు.

సొంతంగా పాయింట్ లెక్కన (ఒక్కో లైటుకు, ప్లగ్గుకు ఇంతని) పనులు పట్టేదాకా ముద్ర లోన్ జోలికి పోవద్దు. శిశు విభాగంలో తనఖా లేకుండా 50 వేల దాకా ఇస్తారు, కానీ వాయిదా నెలనెలా కట్టాలి. ముందు టెస్టర్, కటింగ్ ప్లేయర్, మంచి మల్టీమీటర్ చాలు. డ్రిల్ మిషన్ కొన్నాళ్లు మేస్త్రీదే వాడుకోండి.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. కరెంటుతో, నిచ్చెనతో బతికే పని మీది. బ్యాంకులో సురక్షా బీమా యోజన ఫారం నింపండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. మే నెలాఖరులో ప్రీమియం కట్ అయ్యే సమయానికి ఖాతాలో ఆ 20 లేక పాలసీ ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు.